ఎడమ మలుపులో శుభకార్యం

మెరకపాలెం మున్సిపాలిటీ వారి వైకుంఠ రథం హైస్కూలు దగ్గర ఎడమకి తిరుగుతోంది. లోపల రైసు మిల్లు వెంకటరత్నం గారి భౌతికకాయం ఉంది. పక్క బల్లల మీద ఆయన తమ్ముళ్ళూ బావమరుదులూ కూర్చుని ఉన్నారు. వెనకాల ఊళ్ళో సగం మంది తలలు వంచుకుని నడుస్తున్నారు. సరిగ్గా అప్పుడు బండి నెత్తిమీద రంగురంగుల లైట్లు గిర్రున తిరిగాయి. చుక్క వాన లేకపోయినా వైపర్లు చకచకా ఆడాయి. మైకులోంచి ఓ ఆడగొంతు హుషారుగా పలకరించింది: “మీ ఇంట శుభకార్యమా? ఇంకెందుకండీ ఆలస్యం! చల్లని ఏసీ హాలు, విశాలమైన పార్కింగు, నోరూరించే బఫే...”

అప్పటిదాకా బావురుమంటున్న పెద్ద బావమరిది ఠక్కున ఏడుపు ఆపి, మైకు వంక ఒకసారి, బావగారి వంక ఒకసారి చూశాడు. మళ్ళీ ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకి తెలియలేదు. మలుపు దాటగానే లైట్లు, వైపర్లు, ఆడగొంతు అన్నీ వాటంతటవే ఆగిపోయాయి. డ్రైవరు సూరిబాబు స్టీరింగు వదిలేసి రెండు చేతులూ ఎత్తి, “నేనేం నొక్కలేదండి బాబూ, అమ్మతోడు!” అన్నాడు. స్టీరింగు వదిలేసినందుకు బండి వెళ్ళి హైస్కూలు గేటు దగ్గర చెరుకురసం బండికి ఆనుకుంది.

మర్నాడు పొద్దున్నే కమిషనర్ గోవర్ధనరావు గారు అసిస్టెంట్ ఇంజనీర్ సునందని పిలిపించారు. ఆయన మాట్లాడితే కాగితం చదువుతున్నట్టే ఉంటుంది. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైనా ‘తగు చర్య నిమిత్తం’ అంటారని ఆఫీసులో చెప్పుకుంటారు.

“అమ్మా సునందా, సదరు వాహనం దుఃఖసమయమందు అనుచితమైన ఉత్సాహాన్ని ప్రదర్శించుచున్నట్లు మన దృష్టికి వచ్చింది. మీరు సమగ్రంగా పరిశీలించి లోపాన్ని గుర్తించవలెను.”

“గుర్తిస్తాను సార్.”

“అయితే లోపం అనే పదం వాడరాదు.”

ఎందుకు వాడరాదో తెలియాలంటే ఆ బండి కథ కొంచెం తెలియాలి. అది పుట్టుకతో కూరగాయల వ్యాను. కొన్నాళ్ళు ఎన్నికల ప్రచారరథంగా తిరిగింది. ఎన్నికలయ్యాక ఓడినవాళ్ళూ గెలిచినవాళ్ళూ కూడా మాది కాదంటే మాది కాదని మున్సిపాలిటీ ఆవరణలో వదిలేసి పోయారు. శ్మశానం ఊరికి దూరంగా ఏటి అవతల ఉండటం వల్ల, దీన్ని వైకుంఠ రథంగా మారిస్తే బాగుంటుందని కౌన్సిల్ తీర్మానించింది. వెంటనే దాతలు ముందుకొచ్చారు. మెరకపాలెంలో దాతలు ముందుకు రావడం ఎప్పుడూ ఉన్నదే, వాళ్ళని వెనక్కి పంపడమే కష్టం. అక్కడ గుళ్ళో ట్యూబులైటు వెలిగితే, దాత పేరు, ఆయన తల్లిదండ్రుల పేర్లు, ఊరు రాయగా మిగిలిన జాగాలోంచే వెలుతురు రావాలి.

బట్టల కొట్టు వారు నెత్తిమీద రంగు లైట్లు ఇచ్చారు. ఎరువుల డీలరు ఫ్యాన్లు ఇచ్చాడు. డాబా హోటలు ఆయన ఐసు పెట్టె ఇచ్చాడు. ఫంక్షన్ హాలు ఓనరు బులిరామన్న మైకు సెట్టు ఇచ్చి, అందులో ముందుగానే తన హాలు ప్రకటన నింపి మరీ ఇచ్చాడు. పూలకొట్టు తాతబ్బాయికి ఏం మిగల్లేదు గనక దండలు తగిలించుకునే కొక్కేలిచ్చాడు. ఎవరి వస్తువుకి వాళ్ళు తమ సొంత ఎలక్ట్రీషియన్ని తెచ్చుకుని వైర్లు లాగించుకున్నారు. ఒకడు లాగిన వైరు ఎటు పోయిందో రెండోవాడికి తెలియదు. తెలిసినా అది ఇంకొకరి దానం కాబట్టి ముట్టుకోడు. చివర్లో అందరి పేర్లూ చెక్కించిన పెద్ద స్టీలు ఫలకాన్ని బండికి కుడివైపున బిగించారు. ఎంత పెద్ద ఫలకమంటే, దూరం నుంచి చూస్తే ఫలకమే వెళ్తోందనీ దానికి కింద చక్రాలు పెట్టారనీ అనిపిస్తుంది. రాజధాని నుంచి ఓ ప్రముఖుడు వచ్చి దాన్ని ఆవిష్కరించి వెళ్ళాడు.

ఇక నిబంధన సంగతి. అంతకు ముందెప్పుడో మున్సిపల్ పార్కులో తిరగని ఫ్యానొకటి ఊడదీస్తే, ఆ ఫ్యాను దాత వచ్చి దాని కింద పడుకుని నిరాహార దీక్ష చేశాడు. అప్పుడు కౌన్సిల్ భయపడిపోయి ‘దాతృత్వ గౌరవ పరిరక్షణ తీర్మానం’ చేసింది. దాని ప్రకారం దాత ఇచ్చిన వస్తువు చెడిపోదు, విశ్రమిస్తుంది. దాన్ని తీయాలన్నా, ఆపాలన్నా, క్షణంసేపు కరెంటు తప్పించాలన్నా, ముఖ్య అతిథి సమక్షంలో దాతకి శాలువా కప్పి, దండ వేసి, నాలుగు మంచి మాటలు చెప్పి, ఆయన ఆనందంగా తలూపాకే చెయ్యి వేయాలి. తిరిగి పెట్టేటప్పుడు మళ్ళీ శాలువా.

సునంద అప్పటికింకా ఈ తీర్మానాన్ని చదవలేదు. అందుకే ఆవిడ ఉత్సాహంగా ఉంది.

ఆవిడ ఉత్సాహానికి మరో కారణం ఇంటి ఓనరు మాణిక్యాంబ గారు. హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి ఎప్పుడో రిటైరయిన పెద్దావిడ. కింద వాటాలో ఆవిడా ఆవిడ చెల్లెలూ ఉంటారు, మేడ మీద గదిలో సునంద. ఆ సాయంత్రం మెట్లెక్కుతుంటే కిటికీలోంచి పిలుపొచ్చింది.

“అమ్మాయ్, ఆ బండి నీకప్పగించారటగా?”

“అవును మామ్మగారూ.”

“తొందరగా బాగు చెయ్యవే తల్లీ. నాకు తొందరేం లేదనుకో. కానీ ఎప్పుడు తొందరొస్తుందో మన చేతిలో లేదు కదా.” మాణిక్యాంబ గారు కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుచుకున్నారు. “ఉద్యోగమంతా పిల్లల్ని నోర్మూసుకోండర్రా, నోర్మూసుకోండర్రా అంటూనే గడిపాను. అదే స్కూలు ముందునుంచి నన్ను తీసుకెళ్తూ, ‘మీ ఇంట శుభకార్యమా’ అని అరిపిస్తే ఆ పిల్లలు నవ్వరూ? నా ఆఖరి మలుపు నిశ్శబ్దంగా తిరగాలే. అంతే నా కోరిక.”

“మీరలా మాట్లాడకండి మామ్మగారూ.”

“మాట్లాడకపోతే ఎలా? నువ్వు బాగు చేసేదాకా నేను పోను. అలా ఒప్పందం పెట్టుకుందాం.”

సునంద నవ్వుతూనే ఒప్పుకుంది. గదిలోకి వెళ్ళి కాళ్ళు కడుక్కుంటుంటే ఆ ఒప్పందం మొత్తం అర్థమైంది. బాగు చేయకపోతే ఆవిడ పరువు పోతుంది. బాగు చేస్తే ఆవిడే పోతుంది. సునందకి ఆ పూట అన్నం సరిగా దిగలేదు.

మర్నాడు ఆటో ఎలక్ట్రీషియన్ గఫూర్ వచ్చి బండి చుట్టూ ప్రదక్షిణం చేశాడు. ఎవరి బండి చూపించినా ముందుగా “ఎర్తు సమస్య” అనడం అతని అలవాటు. పంచరైన బండిని చూపించినా అదే అన్నాడని సూరిబాబు చెబుతాడు. లోపల చూశాక మాత్రం ఎర్తు మాట ఎత్తలేదు.

“ఇది వైరింగు కాదు మేడం, పిచిక గూడు. బండి కదలకుండా నిలబడి ఉంటే ఏమీ రాదు. ఒక్కో ఫ్యూజూ పీకుతూ, బండిని తిప్పుకొచ్చి చూడాలి. ఏది పీకితే గొడవ ఆగిందో దొంగ అక్కడుంటుంది. ముందు మైకుది పీకుదాం.”

అతని వేళ్ళు ఫ్యూజు దాకా వెళ్ళాయో లేదో, “ఆగుము!” అని ఆఫీసు మేడమీంచి కేక వినిపించింది. కమిషనర్ గారు చేతిలో తీర్మానం ప్రతితో మెట్లు దిగి వస్తున్నారు.

“సార్, ఇది చిటికెన వేలంత ఫ్యూజు” అంది సునంద.

“ఫ్యూజు పరిమాణం అప్రస్తుతం. అది తొలగినచో దాత విద్యుత్తు తొలగినట్లే. దాత విద్యుత్తు తొలగినచో దాత తొలగినట్లే. ముందు బులిరామన్న గారి సమ్మతి పొందవలెను.”

బులిరామన్న హాల్లో కొబ్బరాకుల పందిరి కింద కూర్చుని, సునందకి కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చాడు. సన్మానానికి ఆయనకేమీ అభ్యంతరం లేదు. “కానీ మేడంగారూ, ఇప్పుడు మూఢం కదండీ. మూఢంలో శాలువా కప్పించుకోనండి నేను. మా హాలు నడిచేదే ముహూర్తాల మీదండి. మూఢం వెళ్ళాక చూద్దాం.” ఆమె లేచేటప్పుడు గొంతు తగ్గించి అన్నాడు: “ఒకటి చెప్పనాండీ? ఆ బండి మాటాడ్డం మొదలెట్టాక హాలు అడిగేవాళ్ళు పెరిగారండి. మామూలు చోట వింటే మర్చిపోతారు. అక్కడ వింటే జన్మలో మర్చిపోరు.”

మైకు ఆగాలంటే మూఢం పోవాలి. అందుకని ఎరువుల డీలరు ఫ్యాన్లతో మొదలుపెట్టారు. ఆఫీసు ముందు షామియానా లేచింది. ‘ఫ్యూజు విరమణోత్సవం’ అని ఫ్లెక్సీ కట్టారు. గఫూర్ ఫ్యూజుని చిన్న పట్టకారుతో పైకి లాగి, తమలపాకు పరిచిన పళ్ళెంలో పెట్టి, ముఖ్య అతిథిగా వచ్చిన మున్సిపల్ ఛైర్మన్ గారికి అందించాడు. ఆయన దాన్ని కళ్ళకద్దుకోవాలో వద్దో తెలియక కాసేపు తటపటాయించి, చివరికి అద్దుకున్నారు. కమిషనర్ గారు “ఈ ఫ్యూజు విశ్రాంతి తీసుకొనుట మన పురపాలక చరిత్రలో ఒక మైలురాయి” అని ప్రసంగించారు. డీలరు కళ్ళు చెమర్చాయి. ఆయన పెళ్ళిలో కూడా ఆయన గురించి ఎవరూ అన్ని మంచి మాటలు చెప్పలేదట.

ఆ తర్వాత బండిలో నేలమీద ఇసుక బస్తాలు పేర్చి, సూరిబాబు హైస్కూలు మలుపు తిప్పాడు. బండి కిక్కురుమనలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. డీలరు ముఖం మాత్రం మాడిపోయింది.

“అంటే ఏటండి? తప్పంతా నా ఫ్యాన్లదేనంటారా? పిలిచి దండేసి దొంగని చేస్తారా?”

ఆయన్ని శాంతింపజేయడానికి, ఫ్యాన్ల ఫ్యూజు తీసేసి ఉండగానే ఇంకో శవయాత్రకి బండిని పంపారు. మలుపులో బండి నిక్షేపంలా “మీ ఇంట శుభకార్యమా?” అంది. డీలరు రోడ్డు పక్కనుంచి చప్పట్లు కొట్టాడు. శవం తాలూకు వాళ్ళు ఆయన్ని తరిమారు. ఏదైతేనేం, ఫ్యాన్లు నిర్దోషులని తేలింది. వాటిని తిరిగి పెట్టే ఉత్సవం తీసిన ఉత్సవం కన్నా ఘనంగా జరిగింది.

అక్కడితో ఊళ్ళో అందరికీ ఒక సంగతి అర్థమైపోయింది. వస్తువిస్తే ఒకసారే సన్మానం. ఆ వస్తువు మీద అనుమానం వస్తే ఇంకో రెండు! ఇచ్చిన వాళ్ళందరూ “మాది కూడా అనుమానించండి” అంటూ ఆఫీసుకి రావడం మొదలుపెట్టారు. ఇవ్వనివాళ్ళు హడావుడిగా ఇచ్చేశారు. ఫ్యూజు పెట్టే పళ్ళేనికి ఒక దాత వచ్చాడు, పట్టకారుకి ఇంకొకాయన వచ్చాడు. ఇసుక బస్తాల దాత ఒక్కో బస్తా మీద తన పేరు రాయించి, రాత్రిపూట కనబడదని బస్తాలకి చిన్న చిన్న లైట్లు కూడా పెట్టించాడు. ఒక దొంగని పట్టుకోబోతే బండిలో వైర్లు రెట్టింపయ్యాయి. గఫూర్ తల పట్టుకుని, “ఇంక ఎర్తు అనడానికి కూడా లేదు మేడం, ఆకాశం దాకా వెళ్ళిపోయింది” అన్నాడు.

దాతల్లో సంతోషం లేనివాడు ఒక్క తాతబ్బాయే. కొక్కేలకి కరెంటు లేదు. కరెంటు లేదు కాబట్టి ఫ్యూజు లేదు. ఫ్యూజు లేదు కాబట్టి శాలువా లేదు. పైగా ఫలకంలో అతని పేరు అట్టడుగున, ఓ మూలకి పోయింది. ఆ మూలని బిగించిన స్క్రూ సరిగ్గా అతని ఇంటిపేరు నెత్తిమీద దిగింది. “అందరి పేర్లూ బాగున్నాయండి, నా పేరుకే మేకు కొట్టారండి” అని కనపడిన ప్రతివాడికీ చెప్పుకునేవాడు. ఎవరూ పట్టించుకోలేదు. పాపం, సునంద కూడా పట్టించుకోలేదు.

ఈలోగా ఇసుక బస్తాలతో ఎన్నిసార్లు తిప్పినా బండి నోరు విప్పదని, నిజమైన యాత్ర అయితేనే విప్పుతుందని రూఢి అయింది. కానీ నిజమైన యాత్రలు ఆగిపోయాయి. ఊళ్ళో పెద్దవాళ్ళు పోతే బంధువులు పక్క ఊరి బండిని పిలిపించుకోవడం మొదలుపెట్టారు. కమిషనర్ గారు సమీక్షా సమావేశం పెట్టి, “పరీక్షకు యోగ్యుడైన ప్రయాణికుడు లభ్యం కానందున పురోగతి స్తంభించినది” అని విచారం వెలిబుచ్చారు.

సరిగ్గా ఆ వారమే మాణిక్యాంబ గారికి జ్వరం తగిలింది.

ఈ కబురు ఆఫీసుకి ఎలా చేరిందో గానీ, సునంద వెళ్ళేసరికి కమిషనర్ గారు లేచి నిలబడి మరీ అడిగారు. “మీ ఇంటి ఓనరు గారి ఆరోగ్యం ఎట్లున్నది?”

“జ్వరం తగ్గలేదు సార్. చాలా నీరసంగా ఉన్నారు.”

“అయ్యో. భగవంతుడు చల్లగా చూడాలి. సుమారుగా...” ఆయన క్యాలెండరు వైపు చూశారు. “అనగా ఫైలు నిమిత్తం అడుగుచున్నాను. తీరా సమయానికి ఏ ఫ్యూజు తీసి ఉంచవలెనో ముందుగా నిర్ణయించుకొనిన మంచిది కదా. లైట్ల వారు మొన్నటి నుంచి వేచియున్నారు.”

సునందకి ఒళ్ళు మండిపోయింది. ఎప్పుడూ పై అధికారికి ఎదురు చెప్పని మనిషి, ఆ రోజు గొంతు పెంచేసింది. “సార్, ఆవిడ మనిషి. ఇసుక బస్తా కాదు!”

 కమిషనర్ గారు చెడ్డవారేం కాదు, నిబంధనల్లో మునిగి, తలెత్తి మనిషిని చూడటం మర్చిపోయారంతే. ఆయన మెల్లగా కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, “ఆ మాట నేను ఉపసంహరించుకొనుచున్నాను” అన్నారు. చాలాసేపు ఆలోచించి, దాతలందరినీ ఒకేసారి సన్మానించి, ఫ్యూజులన్నీ ఒకేసారి పీకి, బండి మొత్తాన్నీ మొదట్నించీ వెతికేందుకు ‘సామూహిక విరమణ మహోత్సవం’ జరపడానికి ఒప్పుకున్నారు. అదృష్టం కొద్దీ మూఢం కూడా వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి మామ్మగారి మంచం పక్కన కూర్చుని సునంద ఆ మాట చెప్పింది.

“అయితే బాగవుతుందంటావా?” మాణిక్యాంబ గారు కళ్ళు మూసుకునే అడిగారు.

“అవుతుంది. కానీ మీరు...” సునంద ఆవిడ నుదుటి మీద తడిగుడ్డ మార్చి, “మీరు ఆ ఒప్పందం రద్దు చేసుకోండి మామ్మగారూ. అలా అయితేనే బాగు చేస్తాను” అనేసింది.

పెద్దావిడ ఒక కన్ను తెరిచి చూశారు. “ముందు పని పూర్తి చెయ్. మార్కులు తర్వాత” అన్నారు.

మహోత్సవం రోజున ఆఫీసు ఆవరణ పెళ్ళిపందిరిలా ఉంది. శాలువాలు గుట్టగా పోశారు. బులిరామన్న పట్టుపంచె కట్టుకొచ్చాడు. కమిషనర్ గారి ఉపన్యాసం అయ్యాక, ఫ్యూజులు పీకేలోగా ఓ గ్రూపు ఫోటో తీద్దామన్నారు. ఫోటోగ్రాఫరుకి మంచి ఆలోచన వచ్చింది. “అందరూ ఫలకం పక్కన నిలబడి, ఎవరి పేరు మీద వాళ్ళు వేలు పెట్టి చూపించండి సార్!”

అందరూ ఎగబడ్డారు. పై వరసలో ఉన్నవాళ్ళకి ఇబ్బంది లేదు. తాతబ్బాయి మాత్రం నేలమీద మోకాళ్ళమీద కూర్చోవాల్సి వచ్చింది. అతనికి ఇన్నాళ్ళ ఉక్రోషం పొంగుకొచ్చింది. “అందరూ పేరు చూపిస్తున్నారు. నేనేం చూపించనండి? ఈ మేకు చూపించనా?” అంటూ బొటనవేలితో స్క్రూని గట్టిగా నొక్కాడు.

“మీ ఇంట శుభకార్యమా?” అంది బండి.

లైట్లు గిర్రున తిరిగాయి, వైపర్లు ఆడాయి. తాతబ్బాయి హడిలిపోయి వేలు తీశాడు. అన్నీ ఆగిపోయాయి. అందరూ నోళ్ళు తెరిచి చూస్తుంటే మళ్ళీ నొక్కాడు. “ఇంకెందుకండీ ఆలస్యం!” అంది బండి. తీశాడు, ఆగింది. జీవితంలో మొదటిసారి తన పేరు ఇంత పని చేయడం చూసి అతనికి ముచ్చటేసింది. మరో రెండుసార్లు నొక్కాడు.

సునంద అతని పక్కనే నేలమీద చతికిలబడింది. ఆ ఒక్క స్క్రూ కొలతకన్నా పొడుగుంది. అది బండి రేకులోంచి లోపలికి దూసుకెళ్ళి, అందరి వైర్లూ కలిపి కట్టిన మోపులోకి దిగి కూర్చుంది. ఎడమకి తిరిగినప్పుడు కుడి బల్లమీది చుట్టాలు వెనక్కి ఒరిగి ఆ రేకుకి ఆనుకుంటారు. రేకు కదుల్తుంది, స్క్రూ వైర్లని కలిపేస్తుంది, బండి పలుకుతుంది. నేలమీద పేర్చిన ఇసుక బస్తాలు గోడకి ఆనుకుని ఏడవవు. అందుకే వాటికి పలకలేదు.

“ఎర్తు కాదు మేడం” అన్నాడు గఫూర్ బాధగా. “ఫలకం.”

సునంద లేచి చీర దులుపుకుంది. “సార్, ఇంక ఫ్యూజులేం పీకనక్కర్లేదు. ఈ ఫలకం ఊడదీసి, వైర్లకి టేపు చుడితే చాలు.”

అప్పటిదాకా నవ్వుతున్న కమిషనర్ గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. “ఫలకమా? అమ్మా, అది ప్రముఖుల కరకమలములచే ఆవిష్కృతమైనది. దాత వస్తువుకి శాలువాతో మార్గమున్నది. ఆవిష్కృత ఫలకమును తొలగించుటకు నిబంధన లేదు. ఊహ కూడా లేదు!”

దాతలు కూడా ఏకమయ్యారు. లైట్లు తీయండి, మైకు తీయండి, పేర్లు మాత్రం తీయడానికి వీల్లేదన్నారు. ఎరువుల డీలరు అక్కడికక్కడే ఫలకం కింద పడుకోవడానికి తువ్వాలు పరిచాడు. తాతబ్బాయి అయితే “ఇప్పుడు నా మేకు జోలికొస్తే ఊరుకోను” అన్నాడు.

సునంద అందరి వంకా చూసింది. బండి వంక చూసింది. మంచం మీద కళ్ళు మూసుకున్న మామ్మగారు గుర్తొచ్చారు. ఇంత చదువూ చదివి, ఇంత ఉద్యోగమూ చేస్తూ, ఒక మేకు ఊడబీకలేని తనమీద తనకే కోపం వచ్చింది. తర్వాత, ఇన్నాళ్ళూ ఆ ఆఫీసులో కూర్చున్నందుకో ఏమో, ఆవిడకి కూడా ఆఫీసు భాష వచ్చేసింది.

“సార్, ఫలకం తొలగించొద్దు. ఉన్నచోట ఉన్నట్టే ఉంచుదాం. అంగుళం కూడా కదలదు. దాని వెనకనుంచి బండిని తొలగించడానికి అనుమతించండి.”

కమిషనర్ గారు ఆ వాక్యాన్ని పెదవుల మధ్య రెండుసార్లు తిప్పుకున్నారు. ఆయన ముఖం మెల్లమెల్లగా విచ్చుకుంది. “ఫలకము యథాస్థానమున ఉండును. బండి మాత్రమే తప్పుకొనును. బండి ఆవిష్కృతమైనది కాదు!” ఆయన సంతోషం పట్టలేక సునందకి నమస్కారం పెట్టారు. “అనుమతించడమైనది!”

బండి నిలబడ్డ చోటనే, ఫలకానికి ఆనించి మేస్త్రీలు ఇటుకల స్తంభాలు లేపారు. ఫలకం కిందికి దిగకుండా కింద సిమెంటు దిమ్మ కట్టారు. సిమెంటు ఆరాక గఫూర్ నాలుగు స్క్రూలూ బండి రేకుని వదిలేదాకా తిప్పాడు. సూరిబాబు బండిని ఊపిరి బిగపట్టి ముందుకి పోనిచ్చాడు. ఫలకం ఒక్క వెంట్రుక వాసి కూడా కదల్లేదు. ఆవరణకి అడ్డంగా, గాల్లోంచి పుట్టినట్టు అక్కడే నిలిచిపోయింది. ఈ రోజుకీ చెత్త ట్రాక్టర్లు దాని చుట్టూ తిరిగే బయటికి వెళ్తాయి. దాతలు రోజూ వచ్చి, పేర్లు చదువుకుని వెళ్తారు. తాతబ్బాయి ఫలకంలోనే మిగిలిన తన స్క్రూని నొక్కి చూస్తాడు గానీ, పాపం, అది పలకదు.

గఫూర్ వైర్లకి టేపు చుట్టిన రోజు సునంద ఇంటికి మెల్లగా నడిచింది. చెప్పాలా వద్దా అని దారంతా ఆలోచించింది. మాణిక్యాంబ గారు జ్వరం తగ్గి, వీధరుగు మీద కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తున్నారు. సునంద ముఖం చూడగానే ఆవిడకి అర్థమైపోయింది.

“బాగయిందా?”

“బాగయింది మామ్మగారూ.”

“నీ మాట నమ్మమంటే ఎలాగే? నేను స్వయంగా చూసుకోవద్దూ?” ఆవిడ చిక్కుళ్ళ పళ్ళెం పక్కన పెట్టి లేచారు. “పద, ఎక్కిస్తావా?”

అలా మర్నాడు పొద్దున్న వైకుంఠ రథం తన చరిత్రలో మొట్టమొదటిసారి, శవం లేకుండానే, కూర్చుని ప్రయాణం చేసే మనిషిని ఎక్కించుకుంది. ముందు సీట్లో కూర్చోమంటే ఆవిడ ఒప్పుకోలేదు. వెనక్కి వెళ్ళి, కుడి బల్లమీద, సరిగ్గా చుట్టాలు కూర్చునే చోటనే కూర్చున్నారు. సునంద ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది. హైస్కూలు మలుపు రాగానే సూరిబాబు దేవుడికి దణ్ణం పెట్టుకోబోయి, పాత సంగతి గుర్తొచ్చి స్టీరింగు వదల్లేదు. బండి ఎడమకి తిరిగింది. ఇద్దరూ వెనక్కి ఒరిగి రేకుకి ఆనుకున్నారు. సునంద కళ్ళు మూసేసుకుంది.

ఏమీ వినపడలేదు. స్కూల్లోంచి ఎక్కాలు వల్లిస్తున్న పిల్లల గొంతులు తప్ప.

“ఈ తరగతికి టీచరు లేనట్టుంది, మరీ అరుస్తున్నారు” అన్నారు మాణిక్యాంబ గారు. ఇంకో మాట అనకుండా, ఆ వీధి చివరిదాకా ఆ గొంతులు వింటూ కూర్చున్నారు. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

బండి ఆఫీసుకి తిరిగొచ్చేసరికి కమిషనర్ గారు శాలువాతో ఎదురొచ్చారు. “మాతృమూర్తీ, ఈ వాహనమెక్కి తిరిగివచ్చిన ప్రథమ పౌరురాలు మీరే. మీ నామధేయమును దీని మీద శాశ్వతముగా...”

“వద్దు నాయనా” అన్నారు మాణిక్యాంబ గారు శాలువా మడత పెట్టి ఆయన చేతికే ఇచ్చేస్తూ. “పేరు పెట్టాలంటే మళ్ళీ ఎక్కడో మేకు కొడతారు.”

ఇంటికి నడుస్తుంటే సునంద ఇన్నాళ్ళూ దాచుకున్న మాట అడిగేసింది. “మామ్మగారూ, ఒప్పందం సంగతేంటి? బండి బాగయిపోయింది కదా.”

పెద్దావిడ ఆగి, కళ్ళజోడు పైనుంచి, తప్పు లెక్క చేసిన పిల్లని చూసినట్టు చూశారు.

“పిచ్చిదానా, బండి పాడై ఉంటే కదే కంగారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు అదే వస్తుందిగా, ఇంక తొందరేముంది?” ఆవిడ సునంద చెయ్యి పట్టుకుని మళ్ళీ నడక సాగించారు. “రేపు పెసరట్లు వేస్తాను. అల్లం పచ్చడి కూడా చేస్తాను. పొద్దున్నే కిందికి రా.”